ఐసు పెట్టెలో నిద్రపోయే కార్జం, వెచ్చని మెషిన్లో మేలుకుని ఉండే కార్జం



పోయిన నెల మన లైను ఇళ్ళలో ఇద్దరు ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు. "చచ్చిపోయినవాళ్ళ కార్జాన్ని తీసి ఒక మెషిన్లో పెడితే అది బయటే బతికి ఉంటుందంట, అందులో నెత్తురు పారుతుందంట, ఇది నిజమా, లేక సెల్‌ఫోన్లో వచ్చే కట్టుకథా?" అని. నిజమే. కట్టుకథ కాదు. 2013 నుంచి జరుగుతున్న పని. ఈ నెల దాని గురించే రాస్తాను. డాక్టర్ల మాటల్లో కాకుండా మన మిల్లు మాటల్లో చెప్తాను. ఇది ఎక్కడో లండన్ సంగతి, మనకెందుకు అని పేజీ తిప్పొద్దు. మనలాంటి కూలిజనానికి దీంతో ఏం పని అనేది చివర్లో చెప్తాను.

ముందు కార్జం అంటే ఏమిటో చూద్దాం. ఆదివారం మేక కార్జం వేపుడు అందరికీ తెలుసు. మనిషి కార్జం కూడా అదే రంగు, అదే మెత్తన. పెద్దమనిషిలో దాని బరువు ఒకటింబావు కిలో నుంచి ఒకటిన్నర కిలో దాకా ఉంటుంది. కుడిపక్క పక్కటెముకల కింద దాక్కుని ఉంటుంది. నిమిషానికి సుమారు ఒకటిన్నర లీటరు నెత్తురు దాని గుండా పోతుంది. ఇంకో విచిత్రం, దానికి నెత్తురు రెండు దోవల్లో వస్తుంది. గుండె నుంచి వచ్చే మంచి నెత్తురు ఒక నాళంలో వస్తుంది. పేగుల్లో నుంచి తిన్న తిండి సారమంతా మోసుకొచ్చే నెత్తురు ఇంకో పెద్ద నాళంలో వస్తుంది. నాలుగింట మూడు వంతులు ఈ రెండో దోవనే వస్తుంది. మిల్లుకు బేళ్ళు ఒక గేటులో, కరెంటు ఒక గేటులో వచ్చినట్టు అనుకోండి.

లోపల జరిగే పని ఒకటా రెండా. తిన్న చక్కెరను దాచిపెట్టి ఆకలప్పుడు తీసి ఇస్తుంది. సారాయి విషాన్ని విరుస్తుంది, మింగిన మాత్రల్ని కరిగించి బయటికి పంపిస్తుంది. దెబ్బ తగిలితే నెత్తురు గడ్డ కట్టే సరుకును తయారు చేస్తుంది. కొవ్వు అరగడానికి చేదు పసరు తీస్తుంది, రోజుకు అర లీటరు పైనే. కిడ్నీ పాడైతే డయాలసిస్ ఉంది, వారానికి రెండు మూడు సార్లు ఆస్పత్రికి పోయి మనిషి ఏళ్ళు గడుపుతాడు. కార్జం పూర్తిగా పాడైతే ఏళ్ళ తరబడి దాని పని చేసిపెట్టే మెషిను లేదు. మార్చాలి, లేకపోతే మనిషి పోతాడు.

మార్చడం అనేది 1963లో మొదలైంది. అమెరికాలో డెన్వర్ అనే ఊళ్ళో థామస్ స్టార్జల్ అనే డాక్టరు మొదటిసారి చేశాడు. ఆ బిడ్డ బతకలేదు. 1967లోగాని ఆ పని నిలబడలేదు. మన దేశంలో మొదట గట్టెక్కింది 1998 నవంబరులో, ఢిల్లీ అపోలో ఆస్పత్రిలో. ఆ పిల్లవాడు ఎక్కడివాడో తెలుసా? మన కంచివాడు. పట్టు నేసే కంచి. రెండేళ్ళు కూడా నిండని పసివాడు. కన్నతండ్రే తన కార్జంలో ఒక ముక్క ఇచ్చాడు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై డాక్టరు చదువు చదివాడు.

తండ్రి ముక్క ఇస్తే ఆయన కార్జం ఏమైంది అంటారా? మళ్ళీ పెరుగుతుంది. కోసిన కరివేపాకు చెట్టు మళ్ళీ చిగురేసినట్టు. ఒంట్లో వేరే ఏ పెద్ద భాగానికీ ఇంత గుణం లేదు. అయినా ఇచ్చేవాళ్ళకు అది పెద్ద ఆపరేషనే, ప్రాణానికి ముప్పు బొత్తిగా లేదని చెప్పడానికి లేదు. మన దేశంలో కార్జం మార్పిళ్ళు ఎక్కువ భాగం ఇలా బతికున్నవాళ్ళు ఇచ్చిన ముక్కలతోనే జరుగుతున్నాయి. పెళ్ళాం మొగుడికి, కొడుకు తండ్రికి, తల్లి బిడ్డకు ఇస్తున్నారు. చనిపోయినవాళ్ళ దగ్గర నుంచి వచ్చేవి తక్కువ. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

చనిపోయిన మనిషి నుంచి తీసిన కార్జాన్ని ఇన్నేళ్ళూ ఎలా మోసుకుపోయేవారు? ఐసు పెట్టెలో. లోపల ఉన్న నెత్తురంతా కడిగేసి, చల్లని మందునీళ్ళు పట్టించి, సంచుల్లో కట్టి, ఐసులో పెట్టి తీసుకుపోతారు. వేడి 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ మందునీళ్ళను అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో బెల్జర్ అనే డాక్టరు, ఆయన జతగాళ్ళు 1980ల్లో తయారు చేశారు. దాంతో కార్జాన్ని దాచే సమయం బాగా పెరిగింది. ఇప్పటికీ చాలా చోట్ల వాడేది ఆ పద్ధతే. చవక, సులువు, కరెంటు అక్కర్లేదు.

దీనికి ఒక హద్దు ఉంది. ఎనిమిది గంటల్లోపు అమర్చితే మంచిది, పన్నెండు గంటలు దాటితే డాక్టర్లకు భయం. ఎందుకు? చల్లబెడితే కార్జం చావదు, నిద్రపోతుంది. నిద్రలో కూడా కొంచెం తింటుంది. మామూలుగా తినేదాంట్లో పదో వంతు, అంతకంటే తక్కువ. కాని తిండి, గాలి రెండూ రావడం లేదు. దాచుకున్నది కరిగిపోతూ ఉంటుంది.

ఇక్కడ మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పాలి. ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే సరుకు ఒకటి ఉంది, ఏ.టి.పి. అంటారు. అది కణానికి రోజుకూలీ లాంటిది. సంపాదించాలి, ఖర్చు పెట్టాలి, మళ్ళీ సంపాదించాలి. దాన్ని కండల్లో కనిపెట్టినవాళ్ళలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత అమెరికా పోయి, హార్వర్డులో ఫిస్కే అనే ఆయనతో కలిసి పనిచేసి 1929లో దాన్ని లోకానికి చెప్పారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టారు. సుబ్బారావుగారు 1948లో అక్కడే పోయారు. ఈ రోజు ఐసు పెట్టెలో కార్జం ఎందుకు చెడుతుంది అని అడిగితే, జవాబు ఆయన చూసిన సరుకులోనే ఉంది. ఐసులో ఉన్నంతసేపు ఏ.టి.పి. అయిపోతూ ఉంటుంది, కొత్తది తయారు కాదు.

అసలు దెబ్బ తగిలేది చల్లగా ఉన్నప్పుడు కాదు, మళ్ళీ నెత్తురు పారించిన నిమిషంలో. ఇది మిల్లువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. లాకౌట్ అయి నెలల తరబడి మూసిన మిల్లు తెరిచిన మొదటి షిఫ్టు గుర్తు తెచ్చుకోండి. మూసి ఉన్నంతకాలం రింగ్ ఫ్రేములు చూడటానికి బాగానే ఉంటాయి. స్విచ్చి వేసిన తర్వాతే తెలుస్తుంది. బెల్టు జారుతుంది, బేరింగు అరుస్తుంది, గాలిలో తేమ సరిపోక ప్రతి స్పిండిల్ మీదా పోగు తెగుతుంది. అతికే ఆడపిల్లలకు ఊపిరి తీసుకోవడానికి ఉండదు. కార్జం కూడా అంతే. చాలాసేపు ఆకలితో పడుకున్న కణాల మీదికి ఒక్కసారిగా వేడి నెత్తురు, ఆక్సిజన్ వచ్చి పడితే, ఆ ఊపుకు కొన్ని కణాలు చచ్చిపోతాయి. కుర్రవాడి కార్జమైతే తట్టుకుంటుంది. కొవ్వు పట్టిన కార్జం, వయసైనవాళ్ళ కార్జం తట్టుకోలేదు. షుగరు, పొట్ట పెరిగిన ఈ కాలంలో కొవ్వు పట్టిన కార్జాలే ఎక్కువ. అందుకే డాక్టర్లు చాలాసార్లు చేత్తో పట్టుకుని చూసి, "ఇది వద్దు" అని వదిలేస్తారు. ఇచ్చినవాళ్ళ మంచి మనసు, ఎదురుచూసినవాళ్ళ ఆశ, రెండూ వృథా.

అయితే మిల్లును మూయకుండానే ఉంచితే? ఆర్డరు లేకపోయినా మెల్లగా నడిపిస్తూ ఉంటే? వెచ్చని మెషిను ఆలోచన అదే.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో పీటర్ ఫ్రెండ్ అనే ఆపరేషన్ డాక్టరు, కాన్‌స్టాంటిన్ కూసియోస్ అనే ఇంజనీరు కలిసి ఏళ్ళ తరబడి దీని మీద పనిచేశారు. చూడటానికి ఒక తోపుడు బండి అంత ఉంటుంది. చక్రాలు ఉంటాయి. పైన ఒక గిన్నె, అందులో కార్జం. రెండు నాళాల్లోకి రెండు గొట్టాలు నెత్తురును పంపిస్తాయి, ఇంకో గొట్టం బయటికి తెస్తుంది. ఒక పంపు గుండె పని చేస్తుంది. ఒక పెట్టె ఊపిరితిత్తుల పని చేసి ఆక్సిజన్ కలుపుతుంది. ఒక హీటరు నెత్తురును 37 డిగ్రీల దగ్గర ఉంచుతుంది, అంటే మన ఒంటి వేడి. నెత్తురు చనిపోయిన మనిషిది కాదు, బ్లడ్ బ్యాంకులో ఎవరో దానం చేసిన ఎర్రకణాలు. అందులో గడ్డ కట్టకుండా మందు, ఇన్సులిన్, తిండి సారం, చీము పట్టకుండా మందు, పసరు తయారీకి కావలసిన ఉప్పు, అన్నీ చుక్కలు చుక్కలుగా కలుస్తూ ఉంటాయి. పసరు నాళానికి కూడా ఒక సన్న గొట్టం పెట్టి, వచ్చే పసరును పక్కన పడతారు.

అంటే మనిషి పోయినా కార్జం తన డ్యూటీ తను చేసుకుంటూ ఉంటుంది. చక్కెర వాడుతుంది, పసరు తీస్తుంది, ఏ.టి.పి. మళ్ళీ సంపాదించుకుంటుంది. ఆకలితో పడుకోదు. కొత్త మనిషి ఒంట్లోకి పోయినప్పుడు దానికి అది కొత్త షిఫ్టే గాని, మూసిన మిల్లు తెరవడం కాదు.

2013 ఫిబ్రవరిలో లండన్ కింగ్స్ కాలేజ్ ఆస్పత్రిలో మొదటిసారి ఇలా వెచ్చగా ఉంచిన కార్జాన్ని మనిషికి అమర్చారు. ఆ తర్వాత యూరపులో చాలా ఆస్పత్రులు కలిసి పెద్ద పరీక్ష చేశాయి. మొత్తం 220 మార్పిళ్ళు. కొన్నిటిని ఐసులో ఉంచారు, కొన్నిటిని మెషిన్లో. ఏది దేంట్లో అనేది చీటీ వేసినట్టు నిర్ణయించారు, డాక్టరు ఇష్టం కాదు. 2018లో లెక్క బయటపెట్టారు. మెషిన్లో ఉంచినవాటికి దెబ్బ తగిలిన గుర్తు సగానికి సగం తగ్గింది. పనికిరాదని పారేయడం కూడా సగానికి తగ్గింది. అదీ సగటున 54 శాతం ఎక్కువసేపు దాచి కూడా. అమెరికా ప్రభుత్వం 2021లో ఇలాంటి రెండు కంపెనీల మెషిన్లకు అనుమతి ఇచ్చింది.

నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. పరీక్ష. మనం నూలు పంపించే ముందు ఏం చేస్తాం? కౌంటు చూస్తాం, బలం చూస్తాం, తెగుతుందా లేదా అని లాగి చూస్తాం. లాగకుండా కంటితో చూసి "గట్టిదే" అంటే ఏ వ్యాపారీ ఒప్పుకోడు. ఐసులో పెట్టిన కార్జానికి ఆ పరీక్ష లేదు. అది నిద్రలో ఉంది, పనిమంతుడో సోమరో ఎలా తెలుస్తుంది? మెషిన్లో అయితే పని చేస్తూ ఉంటుంది కాబట్టి చూడొచ్చు. లాక్టేట్ అని ఒకటి ఉంది, గాలి అందక కష్టపడిన కండల్లో పుట్టే పులుపు లాంటిది. మంచి కార్జం దాన్ని రెండు మూడు గంటల్లో తినేస్తుంది. నెత్తురులో లాక్టేట్ తగ్గుతోందా, పసరు వస్తోందా, చక్కెర వాడుతోందా, నాళాల్లో నెత్తురు సాఫీగా పోతోందా, ఇవి చూసి "ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు" అని ధైర్యంగా చెప్పొచ్చు.

బర్మింగ్‌హామ్‌లో డాక్టర్లు ఇదే చేశారు. ఇంగ్లండులో అన్ని ఆస్పత్రులూ వద్దన్న 31 కార్జాలు తీసుకున్నారు. ముందు ఐసులోనే తెచ్చి, తమ ఆస్పత్రిలో వెచ్చని మెషిన్లో పెట్టి పరీక్షించారు. 22 పాసయ్యాయి. ఆ 22 మందికి అమర్చితే మూడు నెలల తర్వాత 22 మందీ బతికే ఉన్నారు. 2020లో ఈ లెక్క వచ్చింది. చెత్తబుట్టకు పోవలసినవి 22 ఇళ్ళు నిలబెట్టాయి.

స్విట్జర్లాండులో జ్యూరిక్ వాళ్ళు ఇంకా ముందుకు పోయారు. 2021లో ఒక కార్జాన్ని మూడు రోజులు మెషిన్లో ఉంచి, మందులిచ్చి బాగుచేసి, ఒక మనిషికి అమర్చారు. ఏడాది తర్వాత ఆయన బాగున్నాడని 2022లో చెప్పారు. మూడు రోజులు! ఐసు పెట్టెతో అది కలలో కూడా కుదరదు.

గొప్పలే చెప్తే అది సేల్స్‌మేన్ మాట అవుతుంది. లోట్లు కూడా చెప్పాలి. ఒకటి, 220 మంది పరీక్షలో ఏడాది తర్వాత చూస్తే, ఐసు కార్జం పెట్టుకున్నవాళ్ళూ మెషిను కార్జం పెట్టుకున్నవాళ్ళూ బతికిన లెక్క దాదాపు ఒకటే. మెషిను గొప్ప ఎక్కడంటే పారేయడం తగ్గించడంలో, సమయం పెంచడంలో. రెండు, పసరు నాళాలు పూడుకుపోవడం అనే జబ్బును ఇది పూర్తిగా ఆపలేదు. బర్మింగ్‌హామ్ 22 మందిలో కొందరికి తర్వాత ఆ జబ్బు వచ్చి మళ్ళీ మార్చవలసి వచ్చింది. ఆ జబ్బుకు చల్లని నీళ్ళలో ఆక్సిజన్ కలిపి పారించే ఇంకో రకం మెషిను మేలని హాలండు డాక్టర్లు 2021లో చూపించారు. మూడు, కరెంటు పోయినా, గొట్టం ఊడినా, చూసుకునే మనిషి నిద్రపోయినా కార్జం పోతుంది. ఐసుకు ఆ భయం లేదు. నాలుగు, ఖర్చు. ఒక్కసారి వాడి పారేసే గొట్టాల సెట్టుకే లక్షలు అవుతాయి.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

ధర్మపురి నుంచి సేలం 65 కిలోమీటర్లు, బెంగుళూరు 135 దాకా, చెన్నై 300. మధ్యలో తొప్పూరు కనుమ. ఆ దోవలో లారీలు ఎన్ని బోల్తా పడ్డాయో మన పేపర్లు చదివేవాళ్ళందరికీ తెలుసు. తలకు దెబ్బ తగిలి, మెదడు చనిపోయి, మెషిను మీద గుండె మాత్రం కొట్టుకునే స్థితికి వచ్చేది ఎక్కువగా ఇలాంటి ప్రమాదాల్లో పడినవాళ్ళే. టూవీలర్ మీద షిఫ్టుకు పోయేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. అంటే మనవాళ్ళు. ఇచ్చేవాళ్ళు మనలో ఉన్నారు.

కార్జం పాడైనవాళ్ళూ మనలో ఉన్నారు. టాస్మాక్ దుకాణం ముందు సాయంత్రం ఎవరు నిలబడతారో చెప్పక్కర్లేదు. హెపటైటిస్ బి తెలియకుండా తల్లి నుంచి బిడ్డకు వచ్చి, నలభై ఏళ్ళకు కార్జాన్ని రాయి చేస్తుంది. కాళ్ళు వాచి, కడుపులో నీళ్ళు చేరి, కళ్ళు పచ్చబడినప్పుడు మనవాళ్ళు మొదట పసరు మందుకు పోతారు. డాక్టరు దగ్గరికి పోయేసరికి "మార్చాలి" అంటారు.

తమిళనాడు ఈ విషయంలో దేశానికి దారి చూపిన రాష్ట్రం. 2008 సెప్టెంబరులో తిరుక్కళుకుండ్రం డాక్టరు దంపతుల కొడుకు హితేంద్రన్, పదిహేనేళ్ళవాడు, బండి ప్రమాదంలో పడ్డాడు. మెదడు చనిపోయిందని తెలిసి, ఆ తల్లిదండ్రులు బిడ్డ అవయవాలు ఇచ్చారు. పోలీసులు చెన్నై రోడ్లు ఖాళీ చేయిస్తే గుండె 11 నిమిషాల్లో మొగప్పేరు చేరి, తొమ్మిదేళ్ళ పాపకు అమరింది. అప్పటి నుంచి ఊళ్ళో కదలిక వచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌టాన్ అనే ప్రభుత్వ సంస్థ ఎవరికి ముందు ఇవ్వాలో జాబితా పెట్టి నడిపిస్తోంది. చెన్నై స్టాన్లీ ప్రభుత్వ ఆస్పత్రిలో కార్జం మారుస్తారు. ముఖ్యమంత్రి బీమా పథకంలో కార్జం మార్పిడి కూడా ఉంది. అటు మన తెలుగు రాష్ట్రాల్లో 2013 నుంచి జీవన్‌దాన్ అనే పథకం ఇదే పని చేస్తోంది.

మరి వెచ్చని మెషిను వస్తే మనకు ఏం మారుతుంది? ధర్మపురి జి.హెచ్.లోనో సేలంలోనో ఎవరైనా ఇచ్చిన కార్జం, అర్ధరాత్రి ఐసులో చెన్నైకి పరుగెత్తాలి. తీసే ఆపరేషనుకు కొన్ని గంటలు, దోవలో ఐదారు గంటలు. అక్కడ జబ్బు మనిషిని పిలిపించి, పాత కార్జం తీయడానికి ఇంకొన్ని గంటలు. కొంచెం కొవ్వు ఉన్నా "వద్దులే, ఇంత దూరం తట్టుకోదు" అంటారు. చెన్నై చేరాక వెచ్చని మెషిన్లో పెట్టి పరీక్షించే వీలుంటే, ఆ "వద్దులే"లో కొన్ని "సరే" అవుతాయి. బర్మింగ్‌హామ్‌లో చేసింది అదే, ముందు ఐసు, తర్వాత మెషిను. ప్రతి ఊరికీ మెషిను అక్కర్లేదు. ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో ఒకటో రెండో ఉన్నా చాలు.

ఇంకో పెద్ద సంగతి ఉంది. నాలుగు పేరాల ముందు కాదు, ఇంకా పైన ఒక మాట గుర్తు పెట్టుకోమన్నాను. మన దేశంలో కార్జాలు ఎక్కువగా బతికున్నవాళ్ళ నుంచే వస్తున్నాయి. చనిపోయినవాళ్ళవి దొరక్కపోతే బతికున్నవాళ్ళను వెతుకుతారు. ఇంట్లో ఇచ్చేవాళ్ళు లేని డబ్బున్నవాళ్ళ కోసం దళారులు పుట్టుకొస్తారు. దళారి పోయేది బంగళాలకు కాదు, మన పేటలకు. 2025లో నామక్కల్ జిల్లా పళ్ళిపాళయంలో ఏం జరిగిందో అందరూ చదివారు. మరమగ్గాల కార్మికుల అప్పులు చూసి, దళారులు కిడ్నీలు అమ్మించారని ఫిర్యాదులు వచ్చి, ప్రభుత్వం విచారణ పెట్టింది. మగ్గం మీద బతికేవాళ్ళు వాళ్ళు, మిల్లు మీద బతికేవాళ్ళం మనం. తేడా ఏముంది?

చట్టం గట్టిగానే ఉంది. 1994 చట్టానికి తర్వాత చేసిన సవరణ ప్రకారం, అవయవం కొన్నా అమ్మినా దళారీ చేసినా ఐదేళ్ళ నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జుర్మానా. అమ్మినవాడికి కూడా శిక్ష ఉందని దళారి మీకు చెప్పడు. కార్జం మళ్ళీ పెరుగుతుంది కదా, ముక్క ఇస్తే ఏం పోయింది అని తియ్యగా చెప్తాడు. పెరిగేది నిజమే. కోసిన పొట్టతో ఆరు నెలలు బరువు ఎత్తకుండా, డ్యూటీకి పోకుండా, మంచి తిండి తిని ఉండగలిగినవాడికి ఆ మాట సరిపోతుంది. మరుసటి నెల అద్దె కట్టవలసినవాడికి సరిపోదు.

అందుకే చెప్తున్నాను, చనిపోయినవాళ్ళ కార్జం ఒక్కటి పారేయకుండా కాపాడితే, బతికున్న ఒక బీదవాడి పొట్ట మీద కత్తి పడకుండా కాపాడినట్టు. వెచ్చని మెషిన్తో మనకున్న పని అదే.

కాని మెషిను ఎంత మంచిదైనా, ఇచ్చేవాళ్ళు లేకపోతే గిన్నె ఖాళీ. మనవాళ్ళు ఎందుకు ఇవ్వరు? నాకు తెలిసినంతలో మూడు భయాలు.

మొదటిది, "ఇంకా బతికే ఉన్నాడేమో, అవయవాల కోసం చంపేస్తారేమో." మెదడు చనిపోయిందని ఒక్క డాక్టరు చెప్తే చెల్లదు. నలుగురు డాక్టర్ల బృందం సంతకం పెట్టాలి. పరీక్ష రెండుసార్లు చేయాలి, మధ్యలో కనీసం ఆరు గంటలు ఉండాలి. మార్పిడి చేసే డాక్టర్లు ఆ బృందంలో ఉండకూడదు. కోమా వేరు, ఇది వేరు. కోమాలో ఉన్నవాడు లేవొచ్చు. మెదడు కాండం చనిపోయినవాడు సొంతంగా ఒక్క ఊపిరి తీసుకోడు. మీకు అనుమానం ఉంటే రెండు పరీక్షల కాగితాలూ చూపించమని అడగండి. అడగడం తప్పు కాదు.

రెండోది, "బిల్లు మన మీద వేస్తారేమో." ఇవ్వడానికి ఒప్పుకున్న తర్వాత అవయవాలు కాపాడే ఖర్చు, తీసే ఖర్చు ఇచ్చినవాళ్ళ ఇంటి మీద వేయకూడదని రూలు ఉంది.

మూడోది, "ఒళ్ళు చెడగొడతారు, సాగనంపడం ఎలా." మామూలు ఆపరేషనుకు కుట్టినట్టే కుట్టి ఇస్తారు. ప్రమాదం కేసైతే ఎలాగూ పోస్టుమార్టం ఉంటుంది కదా. 2023 సెప్టెంబరు 23న ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు, అవయవాలు ఇచ్చినవాళ్ళ అంత్యక్రియలు ప్రభుత్వ మర్యాదలతో జరుగుతాయని. బతికినన్నాళ్ళూ గేటు దగ్గర జేబులు తడిమించుకున్న కూలివాడికి, చివర్లో పెద్ద అధికారి వచ్చి పూలమాల వేస్తాడు. అది చిన్న సంగతి కాదు.

ఇక మనం చేయగలిగినవి చెప్తాను. ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒకసారి మాట్లాడుకోండి. "నాకు అలా జరిగితే ఇచ్చెయ్యండి" అనో, "నాకు ఇష్టం లేదు" అనో. రెండూ సరైన మాటలే. చెప్పకుండా పోతే ఆస్పత్రి వరండాలో పెళ్ళాం మీద, పిల్లల మీద ఆ భారం పడుతుంది. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి, ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. కళ్ళు పచ్చబడితే పసరు మందుతో నెలలు గడపొద్దు, ముందు నెత్తురు పరీక్ష చేయించండి. తాగే అన్నలకు ఒక మాట: కార్జం చాలా ఓర్పు గలది, సగం పాడయ్యేదాకా నొప్పి అనదు. నొప్పి లేదు కాబట్టి బాగుంది అనుకోకండి. దళారి పేటలోకి వస్తే ఒంటరిగా మాట్లాడొద్దు, సంఘం దగ్గరికి తీసుకురండి.

సంఘం పెద్దలకు కూడా నా మనవి ఒకటి. బోనసు కోసం, ఇ.ఎస్.ఐ. కోసం వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఇంకో వాక్యం చేర్చండి: ఇలాంటి మెషిను కొనేటప్పుడు ప్రభుత్వాస్పత్రికి ముందు కొనాలి, దాని ఖర్చు బీమా పథకంలో చేర్చాలి అని. మెషిను డబ్బున్నవాళ్ళ ఆస్పత్రుల్లోనే ఉండిపోతే, తొప్పూరు రోడ్డు మీద పోయిన కూలివాడి కార్జం వెచ్చగానే ఉంటుంది, కాని ఇంకో కూలివాడికి మాత్రం రాదు. ఇవ్వడంలో మన వంతు ఉన్నప్పుడు, పుచ్చుకోవడంలోనూ మన వంతు ఉండాలి.

ఈ నెలకు ఇంతే. అనుమానాలుంటే రాసి సంఘం ఆఫీసు పెట్టెలో వేయండి. తెలిసినంతలో చెప్తాను, మిగతాది డాక్టరమ్మను అడిగి వచ్చి రాస్తాను.